అమ్మవారు ఏ డబ్బాలో

ఉమాశ్రీ చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు. చేస్తున్న ఉద్యోగం వైరస్‌లను రెండు డబ్బాల్లో సర్దడం. ఇందులో ముక్కున వేలేసుకోవాల్సింది ఏమీ లేదు. హైటెక్ సిటీలో చదివిన చదువుకూ చేసే పనికీ పొంతన ఉన్నవాళ్ళను వెతకాలంటే కాళ్ళరిగిపోతాయి. సివిల్ చదివినవాడు బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తాడు, అగ్రికల్చర్ చదివిన పిల్ల ఎవరివో ఇన్సూరెన్సు క్లెయిములు చూస్తూ కూర్చుంటుంది. ఉమాశ్రీకి వైరస్‌లు దొరికాయి, అంతే.

ఆమె కంపెనీకి ఒక ఆసుపత్రి వాళ్ళు యాప్ చేసిపెట్టమని పని ఇచ్చారు. మనిషి తన బాధ తెలుగులో చెప్పుకుంటే అది తెలుగులోనే జవాబు చెప్పాలి. వినడానికి ఎంత బాగుందో చేయడానికి అంత తలనొప్పి. యాప్‌కి ముందు జబ్బులు తెలియాలి, జబ్బుల వెనకున్న వైరస్‌లు తెలియాలి, ఏ వైరస్ ఏ కుటుంబానిదో తెలియాలి. అన్నిటికన్నా మొదట అది డీఎన్ఏదో ఆర్ఎన్ఏదో తేల్చాలి. ఒక్కో వైరస్‌కి ఒక్కో వరుస, వరుసకి కొన్ని గడులు. ఆఖరి గడి పేరు ‘జనం పిలిచే పేరు’. ఉమాశ్రీ పుట్టి పెరిగింది పాలకొల్లులో కాబట్టి, తెలుగు బాగా వచ్చు కాబట్టి, ఆ గడి నింపే పని కూడా ఆమె నెత్తినే పడింది.

“రెండే డబ్బాలు గదా మేడమ్. ఇందులో తికమక ఏముండాది?” అన్నాడు టీమ్ లీడ్ సురేంద్ర మొదటి రోజునే. ఆయనది ప్రొద్దుటూరు. ఆయనకి లోకంలో దేనిలోనూ తికమక కనిపించదు, ఎందుకంటే పని చేసేది ఆయన కాదు.

తికమక ఎక్కడుందో ఆ వారమే తెలిసింది. హెపటైటిస్ అని ఐదు వైరస్‌లున్నాయి, ఏ నుంచి ఈ వరకు. ఐదూ వెళ్ళి పడేది కాలేయం మీదే. పేరు కూడా ఒకటే. ఉమాశ్రీ ఐదిటినీ కట్టగట్టి డీఎన్ఏ డబ్బాలో వేసి, ఒక పని అయిందనుకుని కాఫీకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పక్క సీటు ప్రశాంతి నవ్వాపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ప్రశాంతిది సిద్దిపేట. మైక్రోబయాలజీ చదివిన పిల్ల. టీమంతటిలో చదివిన చదువు పనికొచ్చిన మనిషి ఆ ఒక్కతే.

“ఏంది అక్కా, గిట్ల చేసినవ్? బీ ఒక్కటే డీఎన్ఏ. మిగిలిన నాలుగు ఆర్ఎన్ఏ. ఆ నాలుగు సుత ఒక్క కుటుంబం కాదు, ఎవలకు వాళ్ళే.”

“ఇంటిపేరు ఒకటే కదా మరి?”

“ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములైతరా? మా ఊర్ల మా ఇంటిపేరోళ్ళు మస్తుమంది ఉన్నరు. సగం మందికి మాకు గోత్రమే కలవది. పిల్లను ఇచ్చుకుంటం, తెచ్చుకుంటం.”

“మా వైపు ఇంటిపేరు కలిసిందంటే చాలు, కాఫీ కూడా తాగకుండా లేచిపోతారు,” అంది ఉమాశ్రీ. అన్నదే గానీ, తను చేసిన తప్పు సరిగ్గా అదేనని ఆమెకి అర్థమైంది. పేరు చూసి చుట్టరికం కలిపేసింది.

అక్కడి నుంచి ప్రతి వరుసా ఒక పేచీయే. వైరస్ అంటే లోపల ఒక చీటీ ఉన్న పొట్లం అనుకోమంది ప్రశాంతి. నన్ను మళ్ళీ ఇలా తయారు చెయ్యండి అని ఆ చీటీలో రాసి ఉంటుంది. ఆ చీటీ డీఎన్ఏతో చేసిందైతే ఈ డబ్బా, ఆర్ఎన్ఏతో చేసిందైతే ఆ డబ్బా. జలుబు, ఫ్లూ, డెంగీ, పోలియో, పిచ్చికుక్క కాటు, తట్టు, గవదబిళ్ళలు ఆర్ఎన్ఏ. మశూచి డీఎన్ఏ. ఇంతవరకు బాగానే ఉంది. చికెన్ పాక్స్ దగ్గరికి వచ్చేసరికి, పేరులో పాక్స్ ఉంది కదా అని మశూచి కుటుంబంలో కలిపితే, కాదట. అది హెర్పిస్ కుటుంబమట. మరి ఆ పాక్స్ ఎందుకు పెట్టుకున్నట్టు అని అడిగితే, పెట్టినోళ్ళను అడుగక్కా అంది ప్రశాంతి. హెచ్ఐవీ ఆర్ఎన్ఏయేనట గానీ మనిషి ఒంట్లో చేరాక డీఎన్ఏ వేషం కడుతుందట. ఆ వరుస దగ్గర ఉమాశ్రీ కంప్యూటర్ మూసేసి ఇంటికి వెళ్ళిపోయింది.

ఇల్లు నిజాంపేటలో. ఐదో అంతస్తు ఫ్లాటులో నలుగురు మనుషులు. భర్త ఉదయ్ భాస్కర్ కోకాపేటలో ఉద్యోగం చేస్తాడు, ఇంట్లో ఉన్నప్పుడు కూడా చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని కోకాపేటలోనే ఉంటాడు. మామగారు యజ్ఞనారాయణ ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. అత్తగారు వీరలక్ష్మి ఎక్కడా పనిచేయలేదు, రిటైరూ కాలేదు. ఐదో మనిషి ఉమాశ్రీ కడుపులో ఉంది. నాలుగో నెల. పెళ్ళైన చాలా ఏళ్ళకి వచ్చిన కడుపు. రెండేళ్ళ కిందట ఒకటి వచ్చినట్టే వచ్చి నిలవలేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు గానీ, ఉమాశ్రీ మెట్ల వైపు అడుగేస్తే చాలు, ముగ్గురూ ఒకేసారి తలెత్తి చూస్తారు.

ఆ రోజుల్లోనే యజ్ఞనారాయణకి నడుము మంట మొదలైంది. మొదట పక్క పట్టేసిందనుకున్నారు. తర్వాత ఎడమ వైపు వీపు మధ్య నుంచి పొట్ట దాకా ఎర్రగా కందింది, ఆ పైన గుత్తులు గుత్తులుగా పొక్కులు లేచాయి. చొక్కా తగిలితే చాలు, ఆయన పళ్ళు బిగబట్టి గోడ పట్టుకునేవారు.

వీరలక్ష్మి ఒక్కసారి కళ్ళజోడు సర్దుకుని చూసి తేల్చేసింది. “అక్కి. వేడి చేసింది. ఎండలో వాకింగులు వద్దంటే విన్నారా. కుమ్మరి చేత బొమ్మ రాయించాలి, దానికి అదొకటే మందు.”

“డాక్టరుకి చూపిద్దాం అత్తయ్యగారూ,” అంది ఉమాశ్రీ.

“డాక్టరుకేం తెలుస్తుందే అక్కి గురించి. మా నాన్నకి వస్తే కుమ్మరి వీరన్న జేగురు మన్నుతో సింహాన్ని గీశాడు. ఇట్టే అణిగిపోయింది.”

ఉమాశ్రీ ఇక పట్టుబట్టలేదు. అక్కి అంటే ఏదో వేడి పొక్కు అని ఆమె కూడా అనుకుంది. చిన్నప్పటి నుంచి విన్న మాటే, ఎప్పుడూ చూడని జబ్బు.

నిజాంపేటలో కుమ్మరి దొరకడం అంటే మాటలా. శేరిలింగంపల్లి వెళ్ళే దారిలో రోడ్డు పక్కన మట్టి కూజాలూ మట్టి వాటర్ బాటిళ్ళూ అమ్మే లింగయ్యని వీరలక్ష్మి ఆటోలో వెళ్ళి మరీ పట్టుకొచ్చింది. అతను లిఫ్టులో బిక్కచచ్చిపోయి వచ్చాడు.

“అమ్మా, రాసుడు మా తాతకు ఎరుక. నాకు సక్కగ రాదు. గీ కుండలు సుత నేను చేస్తలేను, లారీల వస్తయి.”

“కుమ్మరివే కదా నాయనా. నీ చెయ్యి పడితే చాలు అంటున్నాను.”

లింగయ్య జేగురు మన్ను నీళ్ళలో కలిపి, యజ్ఞనారాయణ వీపు మీద వేలితో నాలుగు కాళ్ళూ ఒక తోకా గీశాడు. వీరలక్ష్మి కళ్ళు చికిలించి చూసి, ఇది కుక్కలా ఉందేమిటి అంది. “సింహమే అమ్మా, జర బక్కగైంది,” అన్నాడు లింగయ్య. అంత మంటలోనూ యజ్ఞనారాయణకి నవ్వొచ్చింది. నవ్వితే పొక్కులు లాగి మళ్ళీ మూలిగారు.

జేగురు మన్ను గిన్నె పట్టుకుని పక్కనే నిలబడింది ఉమాశ్రీయే. పొక్కులు చిట్లి రసి కారితే, పాత ధోవతి చింపిన గుడ్డ వేడినీళ్ళలో ముంచి తుడిచింది కూడా ఆమే. వీరలక్ష్మికి కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది, వంగకూడదు. ఉదయ్ మీటింగులో ఉన్నాడు. కోడలి చేత తుడిపించుకోవడం యజ్ఞనారాయణకి చచ్చేంత సిగ్గు. గోడ వైపు తిరిగి, “వద్దమ్మా, నేనే చూసుకుంటాను,” అని గొణుగుతూనే ఉన్నారు. కూతురైతే తుడవదా మామయ్యగారూ అని ఆమే బలవంతం చేసింది. అలా రోజూ తుడిచింది, చేతికి ఏ తొడుగూ లేకుండా.

ఇక ఆఫీసులో. ‘జనం పిలిచే పేరు’ గడులు నింపుతూ నింపుతూ ఉమాశ్రీ చికెన్ పాక్స్ వరుస దగ్గరికి వచ్చింది. ఇది సులువే అనుకుంది. ఆటలమ్మ అని కొట్టింది, పక్కన అమ్మవారు అని కొట్టింది. గడి ఎర్రబడింది. ఈ పేరు ఇప్పటికే తట్టు వరుసలో ఉందని యంత్రం అభ్యంతరం చెప్పింది. నిజమే, పోయిన వారం తట్టు దగ్గర తనే రాసింది. చిన్నమ్మవారు అని మార్చి చూసింది. అదీ తట్టు దగ్గరే ఉంది. అదీ తను రాసిందే.

“ప్రశాంతీ, తట్టుకీ అమ్మవారే అంటాం, ఆటలమ్మకీ అమ్మవారే అంటాం. ఒకటి ఆర్ఎన్ఏ, ఒకటి డీఎన్ఏ. ఇప్పుడు అమ్మవారిని ఏ డబ్బాలో వెయ్యను?”

“మా దిక్కు సుత రెంటికీ తల్లి పోసింది అనే అంటరు. పేరు పెట్టి పిలువొద్దంటరు. ఆ గడి ఖాళీగ ఉంచు, సురేంద్ర సార్‌ను అడుగుదం.”

సురేంద్ర వచ్చి చూసి, పెద్దమ్మవారు, చిన్నమ్మవారు అని రెండు రాయండి మేడమ్, ఇంతమాత్రానికి నన్ను పిలవాల్నా అని వెళ్ళిపోయాడు. పెద్దమ్మవారు మశూచి అని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

విసుగొచ్చి ఉమాశ్రీ ఆ వరుసలోనే కిందికి జరిగింది. అక్కడ ఇంకో జబ్బు కనిపించింది. ఒక వైరస్ వరుసలో రెండు జబ్బులు, చికెన్ పాక్స్, దాని కింద షింగిల్స్. ఎవరో పొరపాటున కలిపేశారనుకుంది.

“పొరపాటు కాదక్కా. ఒక్కటే వైరస్. చిన్నప్పుడు ఆటలమ్మ లెక్క వస్తది. పొక్కులు ఎండిపోతయి గని అది పోదు. వెన్ను పక్క నరాల్ల పండుకుంటది. ముసలితనంల ఒంట్ల బలం తగ్గినంక మల్ల లేస్తది. గప్పుడు ఒంటినిండ రాదు, ఆ ఒక్క నరం ఎంబడి పట్టీ లెక్క వస్తది. తెలుగుల ఏమంటరో నాకు తెల్వది. ఫొటో ఉంది, చూడు.”

ఉమాశ్రీ ఫొటో తెరిచింది. ఎవరిదో నడుము. ఒక్క వైపే. వీపు మధ్య నుంచి పొట్ట దాకా ఎర్రగా కందిన చర్మం మీద గుత్తులు గుత్తులుగా పొక్కులు. ఆ ఫొటోలో లేనిది సింహం ఒక్కటే.

ఉమాశ్రీ మౌసు వదిలేసింది. రోజంతా ఈ వైరస్‌ని ఎదురుగా పెట్టుకుని కుటుంబం, గోత్రం వెతుకుతూ, ఇంట్లో దాన్నే గుడ్డతో తుడుస్తూ వచ్చింది. చేతులు రెండూ తిప్పి చూసుకుంది. ఏమీ లేవు. ఏమీ లేకపోతే మాత్రం ఏం తెలుస్తుంది.

“ప్రశాంతీ, ఆ పొక్కుల రసి తగిలితే ఇంకొకళ్ళకి వస్తుందా?”

“ఆటలమ్మ ఎన్నడు రానోళ్ళకైతే రావొచ్చు. ఆటలమ్మ లెక్కనే వస్తది. ఎందుకక్కా?” అని తిరిగి చూసిన ప్రశాంతి, ఉమాశ్రీ చెయ్యి పొట్ట మీద ఉండడం చూసి కుర్చీ దగ్గరికి లాక్కుంది. “నీకు చిన్నప్పుడు ఆటలమ్మ అయిందా? అయ్యుంటే ఫికర్ లేదు. ఒకపారి వచ్చినోళ్ళకు మల్ల బయటి నుంచి అంటుకోదు.”

“అమ్మవారు పోసిందని అమ్మ అంటూ ఉంటుంది.”

“ఏ అమ్మవారు?”

పొద్దుటి నుంచి యంత్రం అడుగుతున్నదీ అదే ప్రశ్న. అప్పుడది గడి నింపే గొడవ. ఇప్పుడు కడుపులో బిడ్డ గొడవ. తనకి చిన్నప్పుడు వచ్చింది డీఎన్ఏ డబ్బాలోదైతే బిడ్డ క్షేమం. ఆర్ఎన్ఏ డబ్బాలోదైతే ఈ వైరస్‌ని తన ఒళ్ళు ఎరగదు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఆటలమ్మ వస్తే తల్లికి ప్రమాదం, అరుదుగానైనా బిడ్డకి కూడా అని ఆ వరుసలోనే రాసి ఉంది. ఆ మాటలు పోయిన వారం తనే చదవకుండా కాపీ చేసి అతికించింది.

లిఫ్టుల దగ్గరికి వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది. తల్లి పద్మావతి భీమవరంలో కొడుకు లోహిత్ దగ్గర ఉంటుంది. ఆవిడ ఏ ఫోనైనా స్పీకరులోనే మాట్లాడుతుంది.

“అమ్మా, నాకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందంటావు కదా. ఎలా పోసింది?”

“ఎలా పోయడమేంటే. పోసింది. చల్లగా చూసి వెళ్ళింది తల్లి.”

“అది కాదమ్మా. నీళ్ళు నిండిన పొక్కులా, లేకపోతే ఒళ్ళంతా ఎర్రగా సన్నగా పేలిందా?”

“అమ్మవారిని పట్టుకుని నీళ్ళ పొక్కా ఎండు పొక్కా అని అడుగుతారా ఎవరైనా? నీకేమైనా మతి పోయిందా, కడుపుతో ఉండి ఆ మాటలేంటి?”

“చూశావు కదా, చెప్పు.”

“చూడకూడదే. మీ నాయనమ్మ చూడనిచ్చిందా? కిటికీ మూసి, వేపాకు పక్క వేసి పడుకోబెట్టింది. లెక్కపెట్టినట్టు చూస్తే తల్లికి కోపం వస్తుందని నేను ముఖం తిప్పుకుని నీళ్ళు పట్టేదాన్ని. డాక్టరు మాటెత్తితే మీ నాయనమ్మ నన్ను కొట్టేలా ఉంది.”

వెనక నుంచి లోహిత్ అందుకున్నాడు. “అక్కకి కళ్ళు ఎర్రబడి ఒకటే దగ్గు. నాకు గుర్తుందమ్మా.” దగ్గు, ఎర్రకళ్ళు తట్టుకి గుర్తులని ఉమాశ్రీకి ఇప్పుడు తెలుసు. లిఫ్టు తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఆమె ఎక్కలేదు.

“అది నీకురా,” అంది పద్మావతి.

“నాకు దగ్గు రాలేదు. నాకు దురద. గోళ్ళు కత్తిరించావు.”

“గోళ్ళు కత్తిరించింది దానికి. అసలు ఇద్దరికీ వచ్చింది. ఒకళ్ళకి బడి సెలవుల్లో, ఒకళ్ళకి అంతకు ముందు. ఉమా, నీ కనుబొమ్మ పక్కన చిన్న గుంట ఉంది చూడు, అది అమ్మవారి గుర్తే.”

“అది నేను బొంగరం విసిరితే తగిలిందమ్మా,” అన్నాడు లోహిత్.

“నువ్వు విసిరింది చెవి దగ్గర.”

ఉమాశ్రీ ఫోన్ పెట్టేసింది. తల్లి మీద పట్టరాని కోపం వచ్చింది. వెంటనే తల్లి ముఖం తిప్పుకుని తన నోట్లో నీళ్ళు పోస్తున్న దృశ్యం కళ్ళ ముందుకొచ్చి, ఆ కోపం ఎటూ వెళ్ళలేక ఏడుపైంది. లిఫ్టు అద్దంలో కనుబొమ్మ పక్కన గుంటని వేలితో తడిమి చూసుకుంది. అమ్మవారో బొంగరమో అది చెప్పలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళగానే చెప్పులు కూడా విప్పకుండా హాల్లో నిలబడి చెప్పేసింది. అక్కి, ఆటలమ్మ ఒకటేనని. తను ఇక తుడవకూడదని. రేపు మామయ్యగారిని డాక్టరుకి చూపించాలని, తనకి రక్తపరీక్ష చేయించాలని. ఉదయ్ ఇయర్‌ఫోను చెవిలోంచి తీసేశాడు. ఆరేళ్ళలో ఎవరూ చెప్పకుండా అతను తీయడం అదే మొదటిసారి.

వీరలక్ష్మి మాత్రం కొట్టిపారేసింది. “అక్కి వేడికి వస్తుంది. ఆటలమ్మ అంటే సాక్షాత్తూ అమ్మవారు. ఈ రెండిటికీ చుట్టరికం ఎక్కడిదే?”

“మామయ్యగారికి చిన్నప్పుడు అమ్మవారు పోసిందా అత్తయ్యగారూ?”

“పోసింది. మా అత్తగారు చెప్పేవారు. నీళ్ళోసి, చద్ది నైవేద్యం పెట్టి పంపించారట.”

“వెళ్ళలేదండి. ఆయన వెన్నులోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నిద్రపోయి ఇప్పుడు లేచింది.”

వీరలక్ష్మి సోఫాలో కూర్చుని, ఇన్నేళ్ళు నేను కాపురం చేసింది అమ్మవారిని మోస్తున్న మనిషితోనా అంది చివరికి. ఆ మాట భయంతో అందో భక్తితో అందో ఆమెకే తెలియదు. లేచి వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీద కాగుతున్న నూనె దించేసింది. అమ్మవారు ఇంట్లో ఉంటే పోపు వేయకూడదు. ఆ రోజు నుంచి పప్పులో పోపు లేదు, గుమ్మానికి వేపాకు కట్టింది. ఐదో అంతస్తులో వేపాకు చూసి ఎదురు ఫ్లాటు జయంతి ఎవరికండీ అని అడిగితే, ఏం చెప్పాలో ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ఉమాశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తను చెప్పిన సైన్సుని అత్తగారు నమ్మినట్టా, నమ్మనట్టా?

ఈ గొడవంతా గదిలోంచి యజ్ఞనారాయణ విన్నారు. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది.

“నాన్నా, తలుపెందుకు వేసుకున్నారు? పొక్కులు తగలకుండా ఉంటే చాలట,” అన్నాడు ఉదయ్.

“నీకు తెలియదురా. సిగ్గు లేకుండా ఆ పిల్ల చేత తుడిపించుకున్నాను. కడుపుతో ఉన్న పిల్ల. పోయిన దానికే అది ఎంత ఏడ్చిందో నేను చూశాను. ఇది కూడా నా మూలాన…” ఆ మాట పూర్తి కాలేదు. తలుపు అవతల ఆ పెద్దమనిషి ఏడుస్తున్నారని హాల్లో ముగ్గురికీ తెలిసింది. ముగ్గురూ తెలియనట్టే నిలబడ్డారు.

మర్నాడు కూకట్‌పల్లిలో డాక్టరమ్మ దగ్గరికి మాత్రం ఉదయ్ ఆయన్ని బతిమాలి బయటికి తీసుకొచ్చాడు. ఆయన కారు వెనక సీట్లో ఒక మూల, ఉమాశ్రీ విడిగా ఆటోలో. డాక్టరమ్మ ఆయన వీపు మీది బొమ్మ చూసి, ఇదేమిటండి కుక్కా అని అడిగింది. సింహం అన్నారాయన తలవంచుకుని. ఆవిడ నవ్వలేదు. బొమ్మ ఉంటే ఉండనీండి, మాత్రలు వేసుకోండి, పొక్కులు ఎండి పెచ్చు కట్టేదాకా గుడ్డ కప్పి ఉంచండి అంది.

ఉమాశ్రీ వంతు వచ్చాక అమ్మ చెప్పిందీ, తమ్ముడు చెప్పిందీ, బొంగరం సంగతీ అన్నీ వరసగా చెప్పింది. డాక్టరమ్మ ఓపిగ్గా విని చెయ్యి అడ్డం పెట్టింది. “మీ అమ్మగారికి గుర్తులేకపోయినా మీ రక్తానికి గుర్తుంటుంది. ఆటలమ్మ వచ్చి ఉంటే దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీలు రక్తంలో కాపలా ఉంటాయి, పరీక్షలో కనిపిస్తాయి. లేకపోతే ఇంజక్షన్ ఉంది, ఇంకా సమయం దాటలేదు. ఇంజక్షన్ ఉంది కదా అని పూర్తిగా నిశ్చింత అని నేను చెప్పను. ముందు రిపోర్టు రానివ్వండి.”

రక్తం ఇచ్చి ఇంటికి వచ్చారు. ఇక ఎదురుచూపు. ఉమాశ్రీ సెలవు పెట్టింది గానీ తల మాత్రం డబ్బాల దగ్గరే తిరిగింది. దురదంటే డీఎన్ఏ. దగ్గంటే ఆర్ఎన్ఏ. గోళ్ళు కత్తిరించింది తనకైతే క్షేమం, లోహిత్‌కైతే కాదు. తల్లి మధ్యలో నాలుగుసార్లు ఫోన్ చేసి నాలుగు రకాలుగా చెప్పింది, ప్రతిసారీ ఒట్టేసి. యజ్ఞనారాయణ గదిలోంచి రాలేదు. కంచం గుమ్మం దగ్గర పెడితే ఎవరూ లేనప్పుడు తీసుకుని, తిని, ఆ గదికున్న బాత్రూములోనే కడిగి మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టేవారు. ఏ ఫోను మోగినా లోపలి నుంచి, “ఎవరు? డాక్టరమ్మా?” అనే గొంతు వినిపించేది.

ఆ మర్నాడు పదిన్నరకి నిజంగానే డాక్టరమ్మ చేసింది. ఉదయ్ ఆఫీసుకి వెళ్ళాడు. ఉమాశ్రీ ఫోను రెండుసార్లు నొక్కితే గానీ ఎత్తలేకపోయింది.

“రిపోర్టు మంచిదే వచ్చిందమ్మా. నీకు చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చింది. కాపలా గట్టిగానే ఉంది. ఈ విషయంలో నువ్వు గానీ బిడ్డ గానీ భయపడక్కర్లేదు.”

ఉమాశ్రీ ఉన్నచోటే నేల మీద చతికిలబడింది. ఏడుపు ఆగలేదు. వీరలక్ష్మి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఆ ఏడుపు ఏ ఏడుపో అర్థంకాక, తనూ పక్కన కూర్చుని ఏడ్చింది. కాసేపటికి, “ఏమందే?” అంది.

“డీఎన్ఏ అత్తయ్యగారూ. నాకు వచ్చింది డీఎన్ఏ అమ్మవారే.”

“అది మంచిదా, చెడ్డదా?”

ఉమాశ్రీ ఇన్నాళ్ళ నుంచి డబ్బాల్లో సర్దుతోంది గానీ ఆ గడి ఒకటి అందులో లేనే లేదు. మామగారి నడుము కాల్చేస్తున్నది ఏదో, తన బిడ్డని కాచింది కూడా అదే. “నాకు తెలియదండి,” అంది.

అప్పటికి గదిలోంచి ఏ గొంతూ వినిపించలేదు. ఏడుపు విని ఆయన ఏమనుకుని ఉంటారో ఆమెకి చప్పున తట్టింది. లేచి తలుపు దగ్గరికి పరుగెత్తింది.

“మామయ్యగారూ.”

“చెప్పమ్మా. ఏ అమ్మవారట?”

“మీకు వచ్చిన తల్లేనండి. ఏం భయం లేదన్నారు.”

లోపల మంచం కిర్రుమంది. ఆయన తలుపు దాకా వచ్చి ఆగారని అడుగుల్ని బట్టి తెలిసింది. ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపించింది.

“అయితే,” అన్నారు మెల్లగా, “నీ వెన్నులో కూడా ఉందన్నమాట.”

“ఉంటుందటండి.”

“ఈ మంట పగవాళ్ళకి కూడా వద్దమ్మా. ఎప్పుడో ఒకరోజు నీకు కూడా…”

“వస్తే రానీండి మామయ్యగారూ,” అంది ఉమాశ్రీ, కడుపు మీద చెయ్యి వేసుకుని. “అప్పుడు తుడవడానికి మనిషి ఉంటుంది కదా.”

గడియ తీసిన చప్పుడైంది.